హంసలదీవి దాకా మోసుకెళ్ళిన కెమెరా

ముందే చెప్పేస్తున్నాను, నాకు పిట్టల గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు నాది. వారమంతా లారీల దిగుమతులు, గోడౌన్ తాళాలు, హమాలీలతో గొంతు చించుకోవడాలు. ఆదివారం అనేది మనిషి పడుకోవడానికే ఉందని నా గట్టి నమ్మకం. అలాంటిది మొన్నొక ఆదివారాన్ని తీసుకెళ్ళి సముద్రంలో కలిపి వచ్చాను. పిక్కల నొప్పి ఇంకా తగ్గలేదు. కార్లో వాసన అసలే తగ్గలేదు.

అయినా వెళ్ళని వాళ్ళకి చెప్పాలి కదా. హంసలదీవి వైపు, ఇంకా ముందుకి పాలకాయతిప్ప దాకా వెళ్ళాలనుకునేవాళ్ళు ఉంటే చదవండి. ఏం తినొచ్చో చెబుతాను. ఏం మర్చిపోకూడదో మరీ మరీ చెబుతాను.

భవానీపురం

ఇదంతా మా అక్క చేసిన పని. అక్కా బావా ఉండేది భవానీపురంలో. బావంటే అక్క మొగుడే కాదు, మా మేనత్త కొడుకు కూడా. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిని, ఒకరి చొక్కా ఒకరం చింపుకున్నవాళ్ళం. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగానికని కాలవ గట్ల మీద తిరిగే రోజుల్లోనే ఈ పిట్టల పిచ్చి పట్టుకుంది. రిటైరయ్యాక మా చేతుల పొడుగు లెన్సొకటి కొని, చలికాలం వచ్చిందంటే చాలు, ఎక్కడెక్కడి బురదలోనో బోర్లా పడుకునేవాడు. అక్క ఆ బురద ప్యాంట్లు ఉతకలేక తిట్టుకునేది.

మొన్న ఎండాకాలంలో బావకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కాలూ తిరిగొచ్చింది. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. "నరం బాగానే కోలుకుంది, ఇక వాడుతూ ఉంటేనే వస్తుంది" అంటాడు డాక్టరు. వాడమంటే ఈయన వాడడు. మొద్దుబారిపోయింది, ఏం పట్టుకున్నా తెలియట్లేదు అంటాడు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి పిసకమని ఇచ్చిన స్పాంజి బంతిని బాల్కనీలోంచి కిందకి విసిరేశాడు, అదీ ఎడం చేత్తోనే. కుడి చెయ్యి ఎప్పుడు చూసినా ప్యాంటు జేబులోనే.

శుక్రవారం అక్క కొట్టుకి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ఆ కెమెరా స్టూడియో అతనికి ఇచ్చేస్తానంటున్నాడ్రా. సోమవారం వచ్చి పట్టుకెళ్ళమని చెప్పేశాడు."

"పోనీలేవే, ఇల్లు ఖాళీ అవుతుంది."

"నోరు ముయ్యి. ఆ కెమెరా గడప దాటిందంటే ఇంక ఆ చెయ్యి లేవదు. నాకు తెలుసు. నేను పోట్లాడితే, సరే, ఆఖరిసారి సముద్రం దగ్గరికి వెళ్తాను, ఒక్క ఫొటో తిన్నగా వస్తే ఉంచుకుంటాను, లేకపోతే ఇచ్చేస్తాను, మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు అన్నాడు. ఆదివారం నువ్వు తీసుకెళ్ళు."

"డ్రైవర్ని పెట్టి పంపకూడదూ?"

"బయటివాళ్ళ ముందు చెయ్యి వణికితే ఆయనకి నామోషీరా. నువ్వంటే ఎలాగూ లెక్క లేదు కదా."

తోడబుట్టినదానికి నా విలువ బాగా తెలుసు.

అలా ఆదివారం కోడి కూయకముందే వాళ్ళ ఇంటి ముందు కారు ఆపాను. బావ స్వెట్టరూ మఫ్లరూ వేసుకుని, మొహం కందగడ్డలా పెట్టుకుని తయారుగా ఉన్నాడు. కెమెరా సంచి నా భుజానికి తగిలించారు. నీళ్ళు నింపిన స్టీలు బిందెలు ఎత్తిన భుజమే ఇది, అయినా కుంగింది. మూడు కాళ్ళ స్టాండు నా చంకలో పెట్టారు. ఫ్లాస్కు నా చేతికిచ్చారు. బావ ఎడం చేతిలో టోపీ ఒక్కటే ఉంది.

"అన్నీ వచ్చినట్టేనా?" అన్నాడు బావ.

"ఆ, వచ్చినట్టే" అన్నాను నేను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఉయ్యూరు దాకా, చెరుకు ట్రాక్టర్ల వెనకాల

చలికాలం పొద్దున్నే ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఓపిక కావాలి. మంచు, ఆ మంచులో ముందు చెరుకు ట్రాక్టరు, దాని ముందు ఇంకో చెరుకు ట్రాక్టరు. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు కదా. దాటదామంటే ఎదురుగా ఏమొస్తుందో కనపడదు. ట్రాలీలోంచి జారిన గడ ఒకటి టపీమని నా బానెట్ మీద పడింది. బావ కనీసం నవ్వను కూడా నవ్వలేదు.

ఉయ్యూరు దాటాక కాస్త తెల్లారింది. రోడ్డుకి అటూ ఇటూ ఊళ్ళు లేస్తున్నాయి. చర్చి ఉన్న ప్రతి పేటలోనూ ఇళ్ళ మీద కాయితం నక్షత్రాలు కట్టి ఉన్నాయి, లోపల బల్బులు ఇంకా ఆర్పలేదు. మా వన్ టౌన్‌లోనూ కడతారు గానీ, ఆ తీగల మధ్య, బోర్డుల మధ్య కనపడవు. ఇక్కడ మంచులో ఎర్రగా, పచ్చగా బాగా కనిపించాయి. చేలల్లో సగం కోతలు అయిపోయాయి. కోసిన మడిలో అప్పుడే మినుము మొలకెత్తి ఉంది. వరి ఇంకా నిలబడి ఉండగానే దాని మొదట్లో మినుగులు చల్లేస్తారు ఈ డెల్టా రైతులు. ఒక పంట ఇంకా ఇంటికి చేరకముందే ఇంకో పంట. కోసిన ధాన్యం రోడ్డు మీద సగం దాకా ఆరబోశారు. కారు పక్కకి తప్పించమని నన్నే తిట్టారు.

ఒకప్పుడు బావతో కార్లో వెళ్ళడమంటే నరకం. ప్రతి కరెంటు తీగ దగ్గరా ఆపు, ఆపు అని అరిచేవాడు. ఆ రోజు నేను ఎంత మెల్లగా నడిపినా ఆపమనలేదు. ఆ మౌనానికి నాకు భయమేసింది. మాట కలుపుదామని, "బావా, అదిగో ఆ తీగ మీద ఏదో ఉంది" అన్నాను.

"కాకి రా అది" అన్నాడు. మళ్ళీ అవనిగడ్డ రోడ్డెక్కేదాకా నోరు విప్పలేదు.

మోపిదేవి దాటాక, మినపట్టు

మోపిదేవి గుడికి వెళ్ళే జనం చిన్నపిల్లల్ని ఎత్తుకుని అప్పుడే బారులు తీరి ఉన్నారు. మేము ఆగలేదు. కాస్త ముందుకెళ్ళాక రేకుల పాకలో హోటలు. కడుపులు మాడుతుంటే ఇద్దరం దిగాం. మినపట్టు తినండి ఇక్కడ. పొట్టు పప్పు రుబ్బి, నూనె వెనకాడకుండా పోసి, అరచెయ్యి మందాన కాలుస్తారు. అల్లప్పచ్చడి నాలిక మీద పడితే నిద్రమత్తు వదిలిపోతుంది. విజయవాడలో ఒక అట్టుకి ఇచ్చే డబ్బులతో ఇక్కడ ఇద్దరం తిని టీ కూడా తాగొచ్చు.

హోటలు నడిపే ఆవిడ కలుపుగోలు మనిషి. ఏ ఊరండీ, ఎవరి తాలూకు, సంచిలో ఏముంది అని అన్నీ అడిగింది. బావ ఎడం చేత్తో స్పూను పట్టుకుని అట్టుతో కుస్తీ పడుతుంటే, "అదేంటండీ, ఎడం చేత్తో తింటున్నారు?" అనేసింది.

నేను నెమ్మదిగా సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "అయ్యో పాపం! మా మావగారికీ ఇంతేనండీ" అంటూ ఆవిడ వచ్చి, బావ పళ్ళెం లాక్కుని, అట్టుని చంటిపిల్లాడికి తుంచినట్టు చిన్న చిన్న ముక్కలు చేసి ముందు పెట్టింది. మనసున్న మనిషి, మంచికే చేసింది. బావ ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. పళ్ళెం పక్కకి జరిపి, లేచి వెళ్ళి కార్లో కూర్చున్నాడు.

ఆ ముక్కలు కూడా నేనే తిన్నాను. పారెయ్యడం ఎందుకని తిని, డబ్బులిచ్చి కారెక్కాను.

పాలకాయతిప్ప

హంసలదీవి దగ్గరే కృష్ణ సముద్రంలో కలుస్తుంది. అక్కడ మునిగి కాకి హంసయ్యిందని చెబుతారు, అందుకే ఆ పేరు. నాకు మటుకు ఆ రోజు కాకులే కనిపించాయి. అక్కణ్ణుంచి మడచెట్ల పక్కగా వెళ్తే పాలకాయతిప్ప తీరం. విశాఖపట్నం లాంటి సముద్రం అనుకుని రాకండి. నది తెచ్చిన మట్టితో నీళ్ళు టీ రంగులో ఉంటాయి. ఒడ్డు అంతా బల్లపరుపు. అల ఎక్కడో దూరంగా విరిగి, మన కాళ్ళ దాకా వచ్చేసరికి దానికే ఓపిక ఉండదు. మధ్యలో ఖాళీ సీసాలు, తెగిన వల ముక్కలు, ఎర్ర పీతల బొరియలు.

పిట్టలు మాత్రం ఉన్నాయి. నాకే ఆశ్చర్యమేసింది. తడి ఇసక మీద పిడికెడంత పిట్టలు, వందలు వందలుగా. అల వెనక్కి వెళ్తే దాని వెంట పరుగు, ముందుకొస్తే వెనక్కి పరుగు. కాస్త అవతల కొడవలిలా వంగిన పొడుగు ముక్కులవి రెండు, పెద్దమనుషుల్లా నడుస్తున్నాయి. ఇవన్నీ మంచు దేశాల నుంచి ఇక్కడికి చలి కాచుకోవడానికి వస్తాయట. మాకు స్వెట్టర్లు, వాటికి ఇదే ఎండాకాలం.

బావ కళ్ళలో కొంచెం వెలుగొచ్చింది. "స్టాండు వెయ్యి" అన్నాడు. వేశాను. మూడు కాళ్ళూ ఇసకలో దిగ్గొట్టాను. కెమెరా పైకెత్తి దాని మీద పెట్టబోతే కూర్చోదే! ఇటు తిప్పాను, అటు తిప్పాను.

"ప్లేటేదిరా?" అన్నాడు బావ.

"ఏం ప్లేటు?"

అగ్గిపెట్టెంత ఇనప ముక్కట. కెమెరా అడుగున బిగిస్తే, అది స్టాండు నెత్తిన కరుచుకుంటుందట. అది లేకపోతే స్టాండు ఒట్టి కర్రే. భవానీపురంలో బీరువా సొరుగులో ఉండిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అంటారు చూడండి, ఆ శనిని నేనే. ఏం మర్చిపోకూడదో చెబుతానని మొదట్లో అన్నది దీని గురించే.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సరే, చేత్తోనే" అని ఆ బరువుని ఎడం చేత్తో కింద పట్టుకుని, జేబులోంచి కుడి చెయ్యి తీసి బటన్ మీద పెట్టాడు. పక్కనుంచి నాకు కనిపిస్తోంది, లెన్సు కొస గాలికి రెల్లుపువ్వు ఊగినట్టు ఊగుతోంది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బోర్లా పడుకున్నాడు. నా వీపు మీద పెడతానంటే నేను వంగి కూడా నిలబడ్డాను. చాలాసేపు అలా తంటాలు పడ్డాం. వేలు బటన్ నొక్కేసరికి పిట్ట ఉండదు, పిట్ట ఉన్నప్పుడు వేలు నొక్కదు.

తర్వాత వెనక తెరలో ఒక్కొక్కటీ చూశాడు. నేనూ భుజం మీంచి తొంగి చూశాను. తెల్లటి గీతలు, బూడిదరంగు మరకలు. ఒక్కదానిలోనూ పిట్ట లేదు.

"అయిపోయింది" అన్నాడు. కెమెరా తీసి నా మెళ్ళో వేశాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. ఇంటికెళ్ళాక సంచిలో సర్ది పెట్టు, రేపతను వస్తే ఇచ్చెయ్యొచ్చు. మీ అక్కకి నువ్వే చెప్పు."

ఇంకోసారి చూద్దాం బావా అనే ధైర్యం నాకు లేదు. ఆయన మొహం చూస్తే నిజంగా అలిసిపోయిన మనిషి మొహం. నిద్ర లేక అలిసిపోయిన మొహం కాదు అది.

అలివి వల

కారు దగ్గరికి తిరిగొస్తుంటే ఒడ్డున కొంతమంది వల లాగుతున్నారు. దీన్ని అలివి వల అంటారు. పడవ మీద వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వల దింపి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఇక రెండు జట్లుగా ఆడా మగా కలిసి లాగడమే. లాగేకొద్దీ రెండు జట్లూ దగ్గరికొస్తాయి. నేను నడుం నొప్పితో ఆగాను. బావ ఊరికే ఆగాడు.

తాటాకు బుట్ట పక్కన పెట్టుకుని ఒక పెద్దామె జట్టు మొత్తాన్నీ అదిలిస్తోంది. పేరు నాంచారమ్మ అని తర్వాత తెలిసింది. వల ఎవరిదైనా పెత్తనం ఈమెదే అని చూడగానే అర్థమవుతుంది. అంతలో నీటి లాగుడు ఎక్కువై, మా వైపు జట్టులో ఇద్దరు జారి పడ్డారు. తాడు సర్రున వెనక్కి పోతోంది.

"ఏవయ్యా! ఇద్దరు మగాళ్ళు దిష్టిబొమ్మల్లాగా నిలబడ్డారు? పట్టండి తాడు!" అని మా మీద అరిచింది.

నేను మెళ్ళో కెమెరా చూపించాను. మా కొట్లో కూడా బరువు దించే వేళకి నాకు ఏదో ఒక పని తగులుతుంది.

"నువ్వు సరే, ఆయన చేతులు ఖాళీయేగా!"

"అమ్మా, ఆయనకి చెయ్యి..." అని మొదలుపెట్టాను. బావ నా వైపు ఒక్క చూపు చూశాడు. హోటల్లో అట్టు ముక్కలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. బావ వెళ్ళి జట్టు చివర నిలబడ్డాడు. ఎడం చేత్తో తాడు పట్టుకున్నాడు. కుడి చెయ్యి జేబులో.

"హైలెస్సా" అంటే అందరూ వెనక్కి ఒరుగుతారు. బావా ఒరిగాడు. ఒకసారి, రెండుసార్లు. ఇంకోసారి పెద్ద అల వెనక్కి తీస్తూ వలని లాగేసింది. తాడు అందరినీ ముందుకి ఈడ్చింది. బావ కాళ్ళు ఇసకలో జారాయి, ముందుకి తూలాడు. పడతాడని నేను "బావా!" అని అరవబోయాను.

అప్పుడు ఆయన కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చి తాడు పట్టుకుంది.

నేను చూశాను. ఆయన చూసుకోలేదు. కళ్ళు సముద్రం మీద ఉన్నాయి, పళ్ళు బిగబట్టి ఉన్నాడు, జట్టుతో పాటు అరుస్తున్నాడు. వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు గానీ తాడు చుట్టూ ఉన్నాయి. తాడు జారినప్పుడల్లా మళ్ళీ పట్టుకుంటున్నాయి. నేను ఒక్క మాట మాట్లాడితే ఎక్కడ గుర్తొచ్చి వదిలేస్తాడోనని ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. వాగుడుకాయనని మా ఇంట్లో నాకు పేరు. అంతసేపు నోరు మూసుకుని ఉండటం నా జన్మలో అదే మొదలు.

అక్కకి చూపిద్దామని కెమెరా ఎత్తి బావ చెయ్యి ఫొటో తియ్యబోయాను. కంటికి ఆనిస్తే ఒట్టి పొగమంచు. తర్వాత తెలిసింది, ఆ లెన్సు దగ్గరున్నది చూడదట, ఎక్కడో దూరంగా ఉన్నదే చూస్తుందట. దించేశాను.

చేపలున్న వల సంచి ఒడ్డుకి చేరేసరికి ఎక్కణ్ణుంచి దిగాయో గానీ తెల్లటి పిట్టలు మబ్బులా దిగాయి. జనం తల వెంట్రుకలకి తగిలేంత కిందకి వచ్చి, వలలోంచి జారిన చేపని గాల్లోనే తన్నుకుపోతున్నాయి. ఒక్క రెక్క చప్పుడు కాదు, బజార్లో రేకులు దులిపినట్టు చప్పుడు. ఏ పిట్టల కోసం తెల్లారకముందు లేచి వచ్చామో అవన్నీ బావ నెత్తి మీదే ఉన్నాయి. ఆయన తలెత్తి చూడలేదు. నేనూ చూడలేదనే చెప్పాలి. నా చూపంతా ఆ తాడు మీదే.

చేతులు చూపించండి

ఇక్కడొక ఆచారం ఉంది. మా వన్ టౌన్‌లో హమాలీల మూటని బయటివాడు ముట్టుకుంటే పెద్ద గొడవ. ఎవరి పని వాళ్ళదే, ఎవరి కూలి వాళ్ళదే. ఇక్కడ అలా కాదు. దారినపోయేవాడైనా సరే, వల ఒడ్డెక్కేదాకా తాడు పట్టాడంటే చేపల్లో పాలు, అంటే వాటా, పెట్టాల్సిందే. ఊరికే నిలబడి, చివర్లో చెయ్యేసి, నాకూ పాలు అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా. అందుకని నాంచారమ్మ అందరి అరచేతులూ చూస్తుంది. తాడు కోసిన గుర్తుంటేనే పాలు.

ఇసక మీద కుప్పలు పోశారు. కవళ్ళనే చిన్న చేపలు, రొయ్యలు, చిన్న పీతలు, నాకు పేరు తెలియనివి ఎన్నో. ఒక్కొక్కరూ చేతులు చాపుతున్నారు. బావ వంతు వచ్చింది. అలవాటు కొద్దీ ఎడం చెయ్యి చాపాడు.

"రెండోది?" అంది నాంచారమ్మ.

"రెండోది పని చెయ్యదమ్మా" అన్నాడు బావ.

"పని చెయ్యనిది అట్టా దోక్కుపోయిందేం?"

బావ కిందకి చూశాడు. పక్కన వేలాడుతున్న కుడి చేతిని ఆమే మణికట్టు దగ్గర పట్టుకుని పైకి తిప్పింది. అరచేతికి అడ్డంగా ఎర్రటి చార. చిటికెన వేలి కింద తోలు లేచి రక్తం చెమర్చి ఉంది.

బావ దాన్ని ఎవరి చెయ్యో చూస్తున్నట్టు చూశాడు. వేళ్ళు ముడిచాడు. సగం ముడుచుకున్నాయి. మళ్ళీ తెరిచాడు. సముద్రం ఉప్పు అందులో దిగినట్టుంది, మొహం చిట్లించాడు.

"మంట పుడుతోందిరా" అన్నాడు నాతో.

ఇన్ని నెలలుగా మొద్దుబారింది, ఏం తెలియట్లేదు అన్న మనిషి. నాకు ఏడుపొచ్చేసింది. ఇసక పడిందని కళ్ళు తుడుచుకున్నాను.

"పుట్టదా మరి, ఉప్పునీళ్ళు. కొబ్బరినూనె రాసుకో, తగ్గిపోద్ది" అని నాంచారమ్మ బావ వాటా కవళ్ళు ప్లాస్టిక్ కవర్లో పోసి, కవరు ఆ చేతి వేళ్ళకే తగిలించింది. ఆమెకి ఇందులో వింతేమీ కనపడలేదు. వెనకాలే నేనూ సరదాకి నా చేతులు చాపాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి దేవుడి పటానికి హారతి పట్టే చేతుల్లా ఉన్నాయి, పో అవతలకి" అంది. జట్టంతా పగలబడి నవ్వింది. బావ కూడా నవ్వాడు. బావ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"పిట్టలింకా ఉన్నాయి బావా, ఇప్పుడొకటి తియ్యి" అని కెమెరా అందించాను. రెండు చేతులతో తీసుకున్నాడు. ఎత్తబోతే రెండు చేతులూ కలిసి వణికాయి. అంత తాడు లాగాక నా చేతులైనా వణుకుతాయి.

"ఓపిక లేదురా" అని తిరిగిచ్చేశాడు.

మళ్ళీ భవానీపురం

తిరుగు దారిలో బావ కార్లో నిద్రపోయాడు. కుడి చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని పడుకున్నాడు. కవళ్ళ కవరు కారి నా సీటు కింద అంతా నీరయ్యింది. ఆ వాసన పోవడానికి నిమ్మకాయలు, పసుపు, సాంబ్రాణి అన్నీ వాడాను, తెలిసినవాళ్ళు ఇంకేమైనా ఉంటే చెప్పండి. ఉయ్యూరు దగ్గర మళ్ళీ అవే చెరుకు ట్రాక్టర్లు. నాకు నడుం విరిగిపోతోంది, నిద్ర ముంచుకొస్తోంది, మనసులో మాత్రం ఒకటే గోల. చెయ్యి తాడు పట్టుకుంది, నిజమే. కానీ ఫొటో రాలేదు. బావ మాటంటే మాటే. రేపు స్టూడియో అతను వస్తాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాం. అక్క గుమ్మంలోనే ఉంది. బావ చెప్పులు విప్పి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. కవరు ఏ చేత్తో పట్టుకున్నాడో ఆ చీకట్లో ఆమె చూడలేదు.

"ఫొటో వచ్చిందా?" అంది చిన్నగా.

తల అడ్డంగా ఊపాను. తాడు సంగతి చెబుదామనుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అక్క ఏడవలేదు. కెమెరా సంచి నా భుజం మీంచి దింపి, బల్ల మీద పెట్టి, కొంగుతో దాని మీద ఇసక తుడవడం మొదలుపెట్టింది. ఇచ్చే వస్తువు శుభ్రంగా ఇవ్వాలి కదా అన్నట్టు తుడిచింది.

"అబ్బా!" అని బాత్రూంలోంచి బావ కేక. "మంట!"

అక్క ఉలిక్కిపడింది. బావ తడి చేతులతోనే బయటికొచ్చాడు. నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళి సొరుగు లాగాడు, కుడి చేత్తో. లోపల గలగలా వెతికి అగ్గిపెట్టెంత ఇనప ముక్క ఒకటి తీశాడు. నా దగ్గరికొచ్చి నా చొక్కా జేబులో వెయ్యబోయాడు. తప్పిపోయి కింద పడింది. నేను వంగబోతే, "నువ్వుండరా" అన్నాడు. తనే వంగి, రెండు మూడుసార్లు వేళ్ళ మధ్య జారిపోయినా మళ్ళీ పట్టుకుని లేచాడు. ఈసారి జేబులో పడింది.

"వచ్చే ఆదివారం ఇది మర్చిపోయావంటే నిన్ను అక్కడే సముద్రంలో తోసి వస్తాను" అన్నాడు. అక్క వైపు తిరిగి, "ఆ స్టూడియో అబ్బాయికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. ముందు ఆ కవళ్ళు పులుసు పెట్టు, నేను లాగినవి" అన్నాడు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆమె చూపంతా బావ చేతి మీదే ఉంది.

ఆ ప్లేటు ఇప్పుడు కొట్లో నా గల్లాపెట్టె మీద ఉంది. ఈ రోజు శనివారం. అలారం పెట్టుకోవాలి.